తాటిచెట్టు ఎక్కింది దూడగడ్డి కోసమేనా?

రాత్రి పదకొండు దాటింది. బల్ల చుట్టూ పన్నెండు మంది, ఎదురుగా పన్నెండు ల్యాప్‌టాప్‌లు, మధ్యలో చల్లారిపోయిన పిజ్జా. తెర మీద గడియారం తొంభై సెకన్ల నుంచి వెనక్కి లెక్కపెడుతోంది. ఇరవైమూడో రౌండు, అంటే ఆఖరిది. పేరున్న ఆటగాళ్లంతా ఎప్పుడో అయిపోయారు. ఇంకో పది సెకన్లుందనగా ఒకాయన టక్కున ఒక పేరు మీద నొక్కేశాడు.

"పోయి పోయి వాణ్ణి తీసుకున్నావేమయ్యా?"

"గడ్డం బాగుంది."

బల్లంతా గొల్లుమంది.

ఏటా బేస్‌బాల్ సీజన్ మొదలయ్యే ముందు, అమెరికాలో ఫాంటసీ బేస్‌బాల్ డ్రాఫ్ట్, అంటే ఆటగాళ్ల ఎంపిక, జరిగే ఇళ్లలో కాస్త అటూ ఇటూగా కనిపించే దృశ్యమిది. పేరు తమాషాగా ఉందని ఒకడిని, పుట్టినరోజు కలిసిందని ఇంకొకడిని, లావుగా ఉన్నా పరుగెత్తుతున్నాడని మరొకడిని తీసుకుంటారు. తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసమన్నాడట వెనకటికొకడు. ఇవన్నీ ఆ బాపతు సాకులే. అయితే మనస్తత్వ శాస్త్రాన్నీ గణాంక శాస్త్రాన్నీ పక్కన కూర్చోబెట్టుకుని చూస్తే ఒక విచిత్రం బయటపడుతుంది. "గడ్డం బాగుంది" అన్నవాడి మాటలో ఉన్నంత నిజం, లెక్కలు తీసి కారణాలు చెప్పేవాడి మాటలో ఒక్కోసారి ఉండదు.

కోళ్లు కాల్చే హోటల్లో పుట్టిన ఆట

ఫాంటసీ క్రికెట్‌కు తాత లాంటిది ఫాంటసీ బేస్‌బాల్. దాని ఆధునిక రూపం 1980లో న్యూయార్క్‌లో మొదలైంది. డేనియల్ ఒక్రెంట్ అనే రచయిత, సంపాదకుడు తన మిత్రులతో కలిసి 'లా రోటిస్సెరీ ఫ్రాన్సేజ్' అనే రెస్టారెంటులో కూర్చుని దీన్ని మొదలుపెట్టాడు. ఆ హోటలు పేరు మీదే దానికి 'రోటిస్సెరీ లీగ్' అన్న పేరు స్థిరపడింది. రోటిస్సెరీ అంటే మాంసాన్ని ఊచకు గుచ్చి తిప్పుతూ కాల్చే పద్ధతి. స్థిరపడిన నియమం ప్రకారం ఒక్కో యజమానికి 260 డాలర్లు. ఆ డబ్బుతో వేలంపాట పాడి 23 మంది నిజమైన ఆటగాళ్లను కొనుక్కోవాలి. వాళ్లు సీజన్ పొడుగునా మైదానంలో సాధించే అంకెలే ఇక్కడ యజమానికి పాయింట్లు. ఇప్పుడు చాలా లీగుల్లో వేలం బదులు వంతులవారీగా ఎంచుకుంటున్నారు. ఒకరు తీసుకున్న ఆటగాడు ఆ లీగులో ఇంకొకరికి దొరకడు. మజా అంతా అక్కడే ఉంది.

ఈ ఆటను కనిపెట్టిన ఒక్రెంట్ తన లీగును మాత్రం ఎన్నడూ గెలవలేకపోయాడు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే ముందు చెప్పబోయేది సులువుగా తలకెక్కుతుంది.

క్రికెట్ తెలిసినవాళ్లకు ఒక చిన్న వివరణ. బేస్‌బాల్‌లో బ్యాటింగ్ యావరేజ్ అంటే పరుగుల సగటు కాదు. బ్యాటర్ ఖాతాలో లెక్కకు వచ్చిన అవకాశాలు ఎన్ని, వాటిలో హిట్లు, అంటే బంతిని కొట్టి బేస్ అనే మజిలీకి క్షేమంగా చేరినవి, ఎన్ని అన్నదే లెక్క. పదిసార్లకు మూడు హిట్లు కొడితే 0.300. ఆ మాత్రం చేసినవాడు గొప్ప బ్యాటర్. అంటే పదింట ఏడుసార్లు ఓడిపోయేవాణ్ణి ఇక్కడ వీరుడంటారు. ఓటమే మామూలైన ఆటలో ఎవడు మంచివాడో తేల్చడం ఎంత కష్టమో దీన్నిబట్టే ఊహించవచ్చు.

పేరు చూసి, పొట్ట చూసి

నవ్వుతూ తీసుకున్నవాడు నెత్తిన పాలు పోసిన సందర్భాలు లేకపోలేదు.

కోకో క్రిస్ప్ అనే ఆటగాడుండేవాడు. అసలు పేరు కొవెల్లి లాయిస్ క్రిస్ప్. పొద్దున పాలల్లో వేసుకుని తినే కోకో క్రిస్పీస్ డబ్బా మీది బొమ్మలా ఉన్నాడని చిన్నప్పుడు తోబుట్టువులు ఆటపట్టించారు. ఆ పేరే అతుక్కుపోయింది. ఫలహారం పేరున్నవాడని అతణ్ణి 2011లో తీసుకున్నవాడెవడైనా ఉంటే వాడి పంట పండినట్టే. ఆ ఏడు క్రిస్ప్ 49 బేసులు దొంగిలించి, రెండు మేజర్ లీగుల్లో ఒకటైన అమెరికన్ లీగ్‌లో బ్రెట్ గార్డ్‌నర్‌తో కలిసి మొదటి స్థానంలో నిలిచాడు. బేస్ దొంగిలించడమంటే బంతి విసిరే పిచర్ కన్నుగప్పి ఒక బేస్ నుంచి తర్వాతి బేస్‌కు పరుగెత్తడం. ఫాంటసీలో దానికి మంచి గిరాకీ.

బార్టోలో కొలోన్ ముచ్చట ఇంకో రకం. ఆయన పిచర్. రికార్డుల్లో రాసిన బరువు 285 పౌండ్లు, అంటే మన లెక్కలో దాదాపు 129 కిలోలు. అప్పట్లో నేషనల్ లీగ్‌లో పిచర్లు కూడా బ్యాటు పట్టాల్సి వచ్చేది. కొలోన్ బ్యాటు విసిరినప్పుడల్లా హెల్మెట్ ఊడి పడేది. అది చూడ్డానికే జనం ఎగబడేవారు. 2016 మే 7న శాన్ డియాగోలో జేమ్స్ షీల్డ్స్ వేసిన బంతిని ఆయన ఎడమవైపు గోడ దాటించాడు. వయసు 42 ఏళ్ల 349 రోజులు. జీవితంలో తొలి హోమ్ రన్‌ను అంత వయసులో కొట్టినవాడు మేజర్ లీగుల చరిత్రలో ఇంకొకడు లేడు. బేసులన్నీ చుట్టి రావడానికి ఆయనకు అర నిమిషం పట్టింది. తిరిగొచ్చేసరికి ఆటగాళ్లు కూర్చునే డగౌట్ ఖాళీ. ఆటపట్టించడానికి సహచరులంతా లోపలికెళ్లి దాక్కున్నారు. ఫాంటసీలో పిచర్ కొట్టిన హోమ్ రన్‌కు మామూలుగా చిల్లిగవ్వ కూడా రాదు. కానీ ఆ పొట్ట చూసి ముచ్చటపడి తీసుకున్నవాళ్లకు అదే సీజన్లో కొలోన్ బంతితో 15 విజయాలు తెచ్చిపెట్టాడు.

నిజమైన జట్లు కూడా ఈ సరదాకు అతీతం కావు. 1988లో మైక్ పియాజ్జాను డాడ్జర్స్ జట్టు 62వ రౌండులో, 1390వ వాడిగా తీసుకుంది. కారణం అతని ప్రతిభ కాదు. జట్టు మేనేజర్ టామీ లసోర్డా, పియాజ్జా తండ్రి పాత స్నేహితులు. మొహమాటానికి తీసుకున్న ఆ కుర్రాడు 1993లో ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు. మొత్తం 427 హోమ్ రన్లు కొట్టి 2016లో హాల్ ఆఫ్ ఫేమ్‌కెక్కాడు.

కారణం ముందా, ఎంపిక ముందా?

"గడ్డం బాగుంది" అన్నవాణ్ణి చూసి నవ్వినవాళ్లు తమ ఎంపికలకు మాత్రం బలమైన కారణాలే చెబుతారు. "కిందటి నెల నుంచి ఊపు మీదున్నాడు", "కళ్లల్లో కసి కనబడుతోంది" అంటారు. ఈ కారణాలు ఎక్కణ్ణుంచి వస్తాయి?

రిచర్డ్ నిస్బెట్, తిమోతీ విల్సన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1977లో ప్రచురించిన వ్యాసంలో ఒక ప్రయోగం ఉంది. మిషిగన్ రాష్ట్రంలో ఒక దుకాణం ముందు బల్ల వేసి నాలుగు జతల నైలాన్ మేజోళ్లు వరసగా పెట్టారు. ఏది నాణ్యమైనదో చెప్పమని వచ్చేపోయేవాళ్లను అడిగారు. కుడివైపు చివర ఉన్న జతకు 40 శాతం మంది ఓటేశారు, ఎడమ చివరి దానికి 12 శాతమే. ఎందుకని అడిగితే అల్లిక బాగుందన్నారు, నూలు సన్నగా ఉందన్నారు. తమాషా ఏమిటంటే నాలుగు జతలూ అచ్చంగా ఒక్కటే. తేడా అల్లా పెట్టిన చోటులోనే ఉంది. ఆ మాట మాత్రం ఒక్కరి నోటా రాలేదు. మీరు చోటును బట్టి ఎంచుకున్నారేమో అని కదిపి చూస్తే, ఈ అడిగేవాడికేమైనా మతి చలించిందా అన్నట్టు చూశారు.

2005లో స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పెటర్ యొహాన్సన్, లార్స్ హాల్, వారి సహచరులు ఇంకో అడుగు ముందుకేశారు. ఇద్దరి ఫొటోలు చూపి ఎవరు అందంగా ఉన్నారో చెప్పమన్నారు. ఆ తర్వాత గారడీవాడి హస్తలాఘవంతో ఫొటోలు తారుమారు చేసి, వద్దన్న ఫొటోనే చేతిలో పెట్టి, ఎందుకు ఎంచుకున్నారో చెప్పమన్నారు. ఎక్కువమంది మోసాన్ని పసిగట్టనేలేదు. పైగా తాము వద్దన్న మనిషినే ఎందుకు మెచ్చారో తడుముకోకుండా వివరించారు. చెవిపోగులు నచ్చాయన్నవాళ్లున్నారు. వాళ్లు మొదట ఎంచుకున్న మనిషికి అసలు చెవిపోగులే లేవు.

అంటే మన మనసులో ఒక వకీలు కూర్చుని ఉన్నాడు. తీర్పు ఇచ్చేది ఇంకెవరో, ఆ తీర్పును సమర్థించడం మాత్రం ఇతని ఉద్యోగం. చెట్టెక్కడం ముందు జరిగిపోతుంది, దూడగడ్డి ఆ తర్వాత మొలుస్తుంది.

మరి తీర్పు ఎవరిస్తున్నారు? చాలాసార్లు పరిచయం. రాబర్ట్ జాయన్స్ 1968లో చూపించినట్టు, అర్థం తెలియని మాటలూ గుర్తులూ కూడా పదేపదే కనబడితే మనకు నచ్చడం మొదలవుతాయి. బెల్జియం శాస్త్రవేత్త యోసెఫ్ నట్టిన్ 1985లో ఇంకో సంగతి గమనించాడు. సొంత పేరులో ఉన్న అక్షరాలంటే మనుషులకు తెలియకుండానే కాస్త మమకారం ఎక్కువ. కాబట్టి నా పేరు కలిసిందని ఒకణ్ణి తీసుకున్నవాడు అందరూ లోపల చేసే పనినే బయటకు చెప్పాడు. అదొక్కటే తేడా.

మూడడుగుల వీరుడి నూటికి నూరు

సరే, మనసును నమ్మలేం, అంకెల్ని నమ్ముదాం అంటారా? అంకెలు కూడా మాయ చేయగలవు.

1951 ఆగస్టు 19. సెయింట్ లూయిస్ బ్రౌన్స్ జట్టు యజమాని బిల్ వీక్ తమాషాలకు పెట్టింది పేరు. ఆ రోజు డెట్రాయిట్ టైగర్స్ మీద బ్యాటింగ్‌కు ఎడ్డీ గేడెల్‌ను పంపాడు. అతని ఎత్తు 3 అడుగుల 7 అంగుళాలు. వీపు మీద అంకె 1/8. బేస్‌బాల్‌లో స్ట్రైక్ జోన్, అంటే బంతి పడాల్సిన గాలి కిటికీ, బ్యాటర్ శరీరాన్ని బట్టి ఉంటుంది. గేడెల్ ఒంగి నిలబడితే ఆ కిటికీ దాదాపు మూసుకుపోయింది. బ్యాటర్ వెనక బంతి పట్టే క్యాచర్ మోకాళ్ల మీద కూలబడ్డాడు. పిచర్ బాబ్ కెయిన్ వేసిన నాలుగు బంతులూ పైనుంచే పోయాయి. నిబంధన ప్రకారం గేడెల్ దర్జాగా మొదటి బేస్‌కు నడిచాడు. అక్కడ అతని బదులు వేరొకరు వచ్చి నిలబడ్డారు. మర్నాడు లీగు అధ్యక్షుడు అతని ఒప్పందాన్ని రద్దు చేశాడు. అక్కడితో అతని క్రీడాజీవితం సమాప్తం.

ఇప్పుడు రికార్డు పుస్తకం తెరవండి. ఎన్నిసార్లు బ్యాటింగ్‌కొచ్చి ఎన్నిసార్లు బేస్ చేరాడన్న లెక్కలో గేడెల్‌కు 1.000, నూటికి నూరు. బేస్‌బాల్ దిగ్గజం బేబ్ రూత్ కూడా దాని దరిదాపులకు రాలేదు. ఆ అంకె అబద్ధం కాదు. దాని వెనక ఉన్నది ఒకే ఒక్క అవకాశం, అంతే.

ఒకటి కాకుండా 45 అవకాశాలు చూస్తే చాలా? బ్రాడ్లీ ఎఫ్రాన్, కార్ల్ మోరిస్ అనే గణాంక శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్న తీసుకున్నారు. 1970 సీజన్లో 18 మంది బ్యాటర్ల తొలి 45 అవకాశాలను చూసి, మిగతా సీజన్ ఎలా ఉంటుందో అంచనా కట్టారు. అందరికన్నా పైన రాబర్టో క్లెమెంటే, 0.400. మామూలు మనిషైతే "వీడు 0.400 బ్యాటర్" అనుకుంటాడు. వీళ్లు మాత్రం 1950ల్లో చార్లెస్ స్టీన్ కనిపెట్టిన ఒక వింత పద్ధతి వాడారు. దాని ప్రకారం ప్రతివాణ్ణీ గుంపు సగటైన 0.265 వైపు లాగాలి. సగటు నుంచి ఉన్న దూరంలో సుమారు అయిదో వంతు మాత్రమే ఉంచాలి. అలా క్లెమెంటే 0.294కు దిగాడు. మిగతా సీజన్లో అతను కొట్టింది 0.346. అతని ఒక్కడి విషయంలో రెండు అంచనాలూ దాదాపు సమానంగా తప్పాయి. పద్దెనిమిది మందినీ కలిపి చూస్తే మాత్రం లాగిన పద్ధతిలో మొత్తం దోషం 0.077 నుంచి 0.022కు పడిపోయింది, అంటే మూడున్నర రెట్లు తక్కువ.

ఎందుకిలా? అసలు సత్తా 0.265 ఉన్న బ్యాటర్‌కైనా 45 అవకాశాల్లో కేవలం అదృష్టం వల్లే సగటు 0.200కు జారవచ్చు, 0.330కి ఎగబాకవచ్చు. నెల రోజుల ఊపు అని మనం మురిసిపోయేదాంట్లో ఎక్కువ భాగం ఆ ఊగిసలాటే. ఒక సీజన్లో 500 అవకాశాలనుకుంటే 0.250 వాడు 125 హిట్లు, 0.300 వాడు 150 హిట్లు కొడతారు. ఆరు నెలల్లో తేడా 25, అంటే వారానికి ఒకటి. మామూలు బ్యాటర్‌కూ గొప్ప బ్యాటర్‌కూ మధ్య ఉన్నది వారానికి ఒక్క హిట్. దాన్ని కళ్లతో చూసి పసిగట్టానన్నవాడు కోతలు కోస్తున్నట్టే లెక్క.

కోతి చేసిన జోస్యం

ఈ సత్యాన్ని బేస్‌బాల్ విశ్లేషకుడు టామ్ టాంగో హాస్యంగా మలిచాడు. ఆయన ఒక అంచనా పద్ధతి తయారుచేసి దానికి 'మార్సెల్' అని పేరు పెట్టాడు. 'ఫ్రెండ్స్' టీవీ ధారావాహికలోని కోతి పేరు అది. కోతికి కూడా చేతనయ్యేంత తేలికైన లెక్క అని భావం. గత మూడేళ్ల అంకెలు తీసుకుని అన్నిటికన్నా కొత్తదానికి 5, దాని ముందటి ఏడాదిదానికి 4, అంతకు ముందుదానికి 3 చొప్పున బరువివ్వాలి. దానికి 1200 అవకాశాల మేర లీగు సగటును కలపాలి. వయసు 29 దాటితే కాస్త తగ్గించాలి, దాటకపోతే కాస్త పెంచాలి. అంతే. మేజర్ లీగుల్లో ఇంతవరకు ఆడని కొత్తవాడైతే కోతి మొహమాటపడదు, "లీగు సగటు" అని రాసేస్తుంది. కంప్యూటర్లు వేడెక్కేలా లెక్కలు కట్టే పద్ధతులు దీన్ని దాటగలవు గానీ, పెట్టిన శ్రమకు తగ్గంత దూరం దాటలేవు.

కోతి చెప్పే నీతి ఒక్కటే. తెలియనిచోట సగటు చెప్పు, గొప్పలు పోకు.

హాస్యానికి తగిన చోటు

అయితే ఆటగాణ్ణి గడ్డం చూసి తీసుకోవచ్చా? ఎప్పుడన్నదాన్ని బట్టి ఉంటుంది.

మొదటి రౌండులో అసలు పనికిరాదు. అక్కడ ఆటగాళ్ల మధ్య తేడాలు పెద్దవి, ఏళ్ల తరబడి నిలకడగా కనబడినవి. నవ్వుకోసం అక్కడ తప్పు చేస్తే సీజనంతా ఏడవాలి. ఆఖరి రౌండు లెక్క వేరు. అప్పటికి మిగిలినవాళ్లకూ ఎవరికీ దక్కకుండా బయట ఉన్నవాళ్లకూ మధ్య తేడా దాదాపు సున్నా. తీసుకున్నవాడు ఆడకపోతే వారంలో వదిలేసి ఇంకొకణ్ణి తెచ్చుకోవచ్చు. పోయేదానికి హద్దుంది, వచ్చేదానికి లేదు. ఇలాంటిచోట నికరమైన మామూలువాడికన్నా అటో ఇటో తేలని విచిత్రమైనవాడే మేలు. లెక్కలు మౌనంగా ఉన్నచోట పరిహాసం మాట్లాడితే తప్పేం లేదు.

హోసే బౌటిస్టానే చూడండి. 2004లో ఒక్క ఏడాదిలోనే జట్టు నుంచి జట్టుకు చేతులు మారుతూ తిరిగాడు. 2009లో కొట్టిన హోమ్ రన్లు 13. బ్యాటు ముందుగా కదిలించడం అలవాటు చేసుకున్నాక 2010లో కొట్టినవి 54. ఆ వసంతంలో అతణ్ణి ఆఖర్న తీసుకున్నవాడు ఏ కారణం చెప్పి ఉన్నా, సీజన్ చివర మహా మేధావిగా చలామణీ అయ్యే ఉంటాడు.

కాకీ, తాటిపండూ

ఇక్కడే ఇంకో తాటిచెట్టు ఎదురవుతుంది. కాకి వాలింది, అదే క్షణంలో పండు రాలింది. కాకి వల్లే రాలిందనుకోవడం మనకు సరదా. మన పెద్దలు దానికి కాకతాళీయం అని పేరు పెట్టి మరీ హెచ్చరించారు.

ఓక్‌లాండ్ జట్టులో పేరు తెచ్చుకున్న బ్యాటర్ క్రిస్ డేవిస్ 2015, 2016, 2017, 2018 నాలుగేళ్లూ వరసగా సరిగ్గా 0.247 కొట్టాడు. అదృష్టపు ఊగిసలాట లెక్కేస్తే ఒక బ్యాటర్‌కు ఇలా జరిగే అవకాశం సుమారు లక్షలో ఒకటి. మంత్రమా? కాదు. నూరేళ్లకు పైబడిన ఆటలో వేలమంది బ్యాటు పట్టారు, వింతలు లెక్కలేనన్ని రకాలుగా జరగవచ్చు. ఏదో ఒక వింత ఎవడో ఒకడికి జరక్కపోతేనే ఆశ్చర్యపోవాలి. అయిదో ఏడు కూడా 0.247 ఖాయమని సరదాపడి తీసుకున్నవాళ్లకు 2019లో దక్కింది 0.220.

అదే కాలంలో బాల్టిమోర్‌లో ఇంకో క్రిస్ డేవిస్ ఉండేవాడు. ఇంగ్లిషు స్పెల్లింగులో మొదటి అక్షరం ఒక్కటే తేడా, పలకడంలో ఏ తేడా లేదు. 2018లో ఓక్‌లాండ్ డేవిస్ 48 హోమ్ రన్లతో మేజర్ లీగులన్నిటికీ మొదటివాడు. బాల్టిమోర్ డేవిస్ సగటు 0.168. ఒక్క అక్షరం తప్పు నొక్కినవాడి ఖర్మ ఊహించుకోండి. వాడు కూడా మర్నాడు ఏదో ఒక కారణం చెప్పే ఉంటాడు.

పియాజ్జా కథ మనకు తెలుసు. మొహమాటానికి తీసుకోగా ఎక్కడికీ చేరని కుర్రాళ్ల కథలు మనకు తెలియవు. వాటిని ఎవరూ రాయరు. గెలిచిన సాకులే చరిత్రకెక్కుతాయి.

మన దగ్గర ఫాంటసీ ఆటల్ని డబ్బు పెట్టి ఆడటాన్ని తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టంతో దేశమంతటా డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటలకు తెరపడింది. మిగిలింది సరదా ఒక్కటే. ఒకరకంగా ఇది మంచి అవకాశం. ఈసారి స్నేహితులతో కలిసి ఉత్తుత్తి జట్టు కట్టేటప్పుడు, క్రికెట్టయినా బేస్‌బాలయినా, ఒక చిన్న పని చేయండి. పేరు నొక్కకముందే కారణాన్ని కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. సీజన్ అయ్యాక తీసి చదవండి. "గడ్డం బాగుంది" అని రాసి ఉంటే సిగ్గుపడకండి. "నాకు ముందే తెలుసు" అనబోతున్నప్పుడు మాత్రం ఆ కాగితం ఒక్కసారి చూసుకోండి.